నల్లా అంటే నలుపు కాదు

ముకుంద్ సార్, నీలమ్మత్త పని పోవడానికి కారణం వెంకటనారాయణ గారి జుట్టు కాదు. మీరు. మీ తర్వాత నేను. ఆ పేజీలో పన్నెండు మాటలు కొట్టేసింది మీ చెయ్యి. వాటి బదులు పదిహేడో వాక్యం రాసింది నా చెయ్యి. ఇద్దరం కలిసి ఒక పెద్దాయన తలను సగం నల్లగా చేశాం, నలభై ఇళ్ల ఆడవాళ్లను బిందెలతో ఎండలో నిలబెట్టాం, ఒకామె పని ఊడగొట్టాం. పొద్దున ఫోన్ చేస్తే వచ్చే నెల చూద్దాం అని పెట్టేశారు. వచ్చే నెల దాకా ఆగేది లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. మన ఆఫీసులో మిగతా నలుగురూ ఇది చదవాలి, కాబట్టి మీకు తెలిసిన సంగతులు కూడా మళ్లీ చెప్తా. ఓపిక పట్టండి.

ఆఫీసంటే షాలిబండలో మీ తాతగారి ఇంటి మేడ మీద రెండు గదులు. కింద మీ అమ్మ గోదమ్మ గారు, పైన మనం. మనం తయారు చేసింది యాప్‌లు వెతికే పనిముట్టు. ఇప్పుడు ఫోన్‌లో ఒక ఏజెంట్ ఉంటోంది, మనిషి మాట విని పని చేసిపెట్టే ప్రోగ్రాం. ఫలానా పనికి యాప్ కావాలి అని మనిషి దానితో అంటే, అది వచ్చి మన పనిముట్టును అడుగుతుంది. మన పనిముట్టు లక్షల యాప్‌లు గాలించి ఓ పది పేర్లు ఇస్తుంది. ఏజెంట్ అందులో ఒకటి ఏరి ఫోన్‌లోకి దింపుతుంది. ఏజెంట్లతో పని చేస్తున్నానని నేను చెప్పినందుకు, బీమా కట్టమంటానేమో అని నీలమ్మత్త నెల రోజులు నా కంట పడకుండా తిరిగింది.

నా పని ఆ పనిముట్టుకు వాడుక పత్రం రాయడం. ఎలా అడగాలి, ఏ గడిలో ఏ మాట పెట్టాలి, భాష ఎక్కడ చెప్పాలి, ఊరు ఎక్కడ చెప్పాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది, అన్నీ. నేను కాలేజీ మెట్లెక్కలేదు. అఫ్జల్‌గంజ్‌లో ఫోన్ రిపేరు దుకాణంలో ఆరేళ్లు కూర్చుని, డబ్బాల్లో వచ్చే కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నా. ఆ కాగితాల్లో ముప్పాతిక చెత్త. చదివేవాడికి ఏం తెలియదో రాసినవాడికి తెలియదు. అందుకే ఈ పని వస్తే ఎగిరి పట్టుకున్నా.

పైగా ఈ పత్రం చదివేది మనిషి కాదు, ఏజెంటే. మనిషికి తప్పు కనబడితే తల గోక్కుంటాడు, పక్కవాడిని అడుగుతాడు. దీనికి అనుమానం అనేదే లేదు. రాసింది రాసినట్టు నమ్మి, హుషారుగా పోయి అదే చేస్తుంది. ఇంత బుద్ధిమంతుడైన పాఠకుడు ఎవరికి దొరుకుతాడు? మొదటి వారం నా కాళ్లు నేల మీద లేవు. ఇరవై కన్నా ఎక్కువ పేర్లు అడగకు అని రాస్తే అడగలేదు. ఒకరోజు సరదాకి, ప్రతి జవాబు చివర షారోన్‌కు ఒక దండం పెట్టు అని రాశా. పెట్టింది. వాన పడుతుందా లేదా చెప్పే యాప్ వెతకమంటే, వెతికి ఇచ్చి, కింద షారోన్ గారికి దండాలు అని పెట్టింది. మీరు చూసేలోపు తీసేశా.

మొదటి రాతలో చివర పన్నెండు మాటలు చేర్చాను. మన జనం నోట్లో నలిగే మాటలు, వేరేచోట అర్థం బోల్తా కొట్టేవి. ఉర్దూ మాట పర్సోం అంటే నిఘంటువులో మొన్న, లేదా ఎల్లుండి. మన దగ్గర మొన్నా కావచ్చు, పోయిన ఏడూ కావచ్చు, పెళ్లికి ముందూ కావచ్చు. పర్సోం పెట్టిన యాప్ తీసెయ్ అని ఎవరన్నా అంటే, తేదీ అడిగి తెలుసుకో, నీ అంతట నువ్వు లెక్క కట్టకు అని రాశా. అన్నిటికన్నా పైన పెట్టింది నల్లా. నల్లా అంటే నీళ్ల కుళాయి. నల్లా వచ్చింది అంటే కుళాయిలో నీళ్లు వచ్చాయని. నల్ల అంటే నలుపు. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకేలా ఉంటాయి, కలపవద్దు అని రాశా.

అది పైన పెట్టడానికి కారణం మా తమ్ముడు ప్రేమ్‌రాజ్. జల్‌పల్లిలో మా కాలనీకి నల్లా మూడు రోజులకో నాలుగు రోజులకో వస్తుంది. ఏ పూటో తెలియదు. వస్తే రెండు గంటలు ఉంటుంది. ఇంట్లో మనిషి లేకపోతే అంతే సంగతులు. ప్రేమ్‌రాజ్ దానికో యాప్ చేశాడు. పేరు నల్లా వచ్చిందా. తెరిస్తే అదే ప్రశ్న, కింద ఒకటే పెద్ద బటన్: వచ్చింది. ఫోన్ ఏ గల్లీలో ఉందో అదే కనిపెట్టుకుంటుంది. నల్లా మొదట చూసినవాళ్లు బటన్ నొక్కితే, ఆ గల్లీవాళ్ల ఫోన్లన్నీ ఎక్కడున్నా మోగుతాయి. కాలనీలో నూట అరవై మంది వాడుతున్నారు, రేటింగులో అందరూ అయిదుకి అయిదు చుక్కలు ఇచ్చారు. తక్కువ ఇస్తే ప్రేమ్‌రాజ్ ఇంటికొచ్చి అడుగుతాడని భయం.

మా తొమ్మిదో గల్లీలోనే నీలమ్మత్త ఉంటుంది. చుట్టరికం లేదు, గల్లీ అంతటికీ అత్తే. ఇంట్లో ఒక్కతే. అఫ్జల్‌గంజ్‌లో నందకిశోర్ సేఠ్ దుకాణంలో ధనియాలు, మిరపకాయలు జల్లెడ పట్టి సంచులకు ఎత్తే పని, పద్నాలుగేళ్లుగా. ఫోన్ మోగగానే సేఠ్‌కు చెప్పి, బస్సెక్కి వచ్చి, డ్రమ్ము నింపుకొని మళ్లీ పనికి పోయేది. రెండుసార్లు ఊరుకున్నాడు. తర్వాత చెప్పేశాడు, ఇంకోసారి పని మధ్యలో లేచిపోతే మళ్లీ రావద్దని.

ఇక మీ సంగతి. కిందటి నెల నా రాత ముందేసుకొని కూర్చున్నారు.

"షారోన్, ఇది ఏడు దేశాలోళ్లు వాడుతరు. మన గల్లీ మాటలు వాళ్లకెందుకు? క్లీన్‌గ ఉండాలె."

నల్లా మీద పెన్ను పెట్టారు. సరిగ్గా అప్పుడే కింద నుంచి గోదమ్మ గారి కేక వినబడింది.

"ముకుందూ, నల్లా వచ్చింది, మోటర్ ఎయ్."

మీరు పెన్ను పారేసి మెట్లు రెండేసి చొప్పున దిగారు. మోటారు వేసి, తడి చేతులతో పైకి వచ్చి, అదే చేత్తో నల్లా మీద గీత కొట్టారు. సిరా అలుక్కుపోయింది. నాకు నవ్వు ఆగలేదు. మీకూ ఆగలేదు. ఇద్దరం బల్ల పట్టుకొని నవ్వాం. నవ్వడం అయ్యాక మిగతా పదకొండూ కొట్టేశారు.

నేను అప్పుడే లొల్లి చేయాల్సింది. చేయలేదు. పోయిన మాటల చోట ఒక్క వాక్యం రాసిమ్మన్నారు, రాసిచ్చా. పదిహేడోది. "స్థానిక పదాలను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, దీర్ఘాలు తీసేసి వెతకండి." నున్నగా, ముద్దుగా ఉంది. మీరు శభాష్ అన్నారు. ఆ శభాష్‌కు నేను మురిసిపోయా, సిగ్గు లేకుండా.

మా గల్లీలో ఇరవై రెండో నంబరు ఇంట్లోకి వారం కిందట వెంకటనారాయణ గారు దిగారు. రిటైరైన గుమాస్తా, కాకినాడ మనిషి. కూతురు ఇక్కడ బడిలో పంతులమ్మ. ఆయన దగ్గర కుళాయి తప్ప నల్లా అనే మాట లేదు. ఆయనకు వచ్చిన కష్టం ఏమిటంటే, ముఖం చూసి తెరుచుకునే కొత్త ఫోన్ కూతురు కొనిచ్చింది. అందులో ఆమె పెట్టిన ఫోటో పదేళ్ల కిందటిది, నల్లజుట్టుది. తెల్లజుట్టు ముఖానికి ఫోన్ తెరుచుకోవడం లేదు. ఫోటో మార్చుకోవచ్చని ఆయనకు తోచలేదు. జుట్టు మార్చుకుందాం అనుకున్నారు.

గురువారం మధ్యాహ్నం అంకెలు కొట్టి ఫోన్ తెరిచి, దాన్నే అడిగారు, తెల్లజుట్టుకి నల్లరంగు వేసుకోవడానికి మంచి యాప్ ఏదైనా ఉందా అని. ఏజెంట్ మన పత్రం చదివింది. నల్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చింది. వెతికింది. అందరికన్నా పైన మా ప్రేమ్‌రాజ్ యాప్ వచ్చింది. దగ్గర్లోది, నిండా చుక్కలున్నది. దింపేసింది. దింపి, ఎంత ధీమాగా చెప్పిందో వినండి. మీ చుట్టుపక్కల నూట అరవై మంది దీన్ని వాడుతున్నారు, నలుపు సమానంగా పట్టాక వచ్చింది అనే బటన్ నొక్కండి అన్నది. కాలనీ కాలనీ అంతా రంగేసుకుంటోందా అని పెద్దాయన ఆశ్చర్యపోయారట. తర్వాత చాలా ధైర్యం వచ్చిందట.

రంగు పూసుకున్నారు. కడుక్కోవడానికి దాచుకున్న ఒక్క బకెట్ సగం తలకే అయిపోయింది. అద్దంలో చూసుకున్నారు. నలుపు వచ్చింది. నొక్కారు.

తొమ్మిదో గల్లీ మొత్తం ఒక్కసారి మోగింది. నాలుగు రోజులుగా చుక్క లేదు సార్. తలుపులు ఎట్లా తెరుచుకున్నాయో చూడాలి. బిందెలు, డ్రమ్ములు, పెయింటు డబ్బాలు, ఒకామె చేతిలో ప్రెషర్ కుక్కర్. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నా, నేనూ పరుగెత్తా. నల్లాలు తిప్పితే బుస్సుమని గాలి. పక్కింటివాళ్లు మోటారు పెట్టి గుంజుతున్నారని ఒకరు, గుంజడానికి ముందు రావాలి కదా అని ఇంకొకరు. అయిదు నిమిషాల్లో అయిదేళ్ల నాటి తగాదాలన్నీ బయటికొచ్చాయి. అవి ముప్పావు గంట నడిచాక, బయటికి పోయిన ప్రేమ్‌రాజ్ తన ఫోన్ చూసుకుంటూ వచ్చాడు. నొక్కింది ఇరవై రెండో నంబరు అని తేల్చాడు. నలభై మందిమి బిందెలతో సహా ఆ తలుపు ముందు నిలబడ్డాం.

వెంకటనారాయణ గారు తలుపు తీశారు. మెడ చుట్టూ ప్లాస్టిక్ సంచి, చెవి మీదుగా నల్లటి చార, ముఖం నిండా సంతోషం.

"మీరేనా నొక్కింది? వచ్చిందా మీకు?" అని అడిగాడు ప్రేమ్‌రాజ్.

"వచ్చిందండీ. బ్రహ్మాండంగా వచ్చింది. చెవుల దగ్గరే కాస్త తేడా."

"చెవులేంది బాపూ? నల్లా ఏడుంది, చూపియ్యుండ్రి."

ఆయన తల వంచి చూపించారు.

ఆయన తలెత్తి బిందెల వైపు చూసి, మర్యాదగా అడిగారు.

"మీరంతా కూడా వేసుకుంటారటగా. ఇంతింత కలుపుతారా అండీ?"

కుక్కర్ చేతిలో ఉన్నామె మొదట నవ్వింది. తర్వాత ఎవరినీ పట్టలేం. డ్రమ్ముల మీద కొట్టి నవ్వారు, గోడలకు ఆనుకొని నవ్వారు, అయిదేళ్ల తగాదాల వాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకొని నవ్వారు. ప్రేమ్‌రాజ్ మట్టిలోనే చతికిలబడ్డాడు. నల్లా అంటే ఏమిటో ఎవరో చెప్పేసరికి వెంకటనారాయణ గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. చేతులు కూడా నల్లబడ్డాయి. దాంతో ఇంకో విడత.

ఆ నవ్వుల మధ్యలోకి నీలమ్మత్త వచ్చింది. కనుబొమ్మల మీద ధనియాల పొడి, చంకలో చెప్పులు. బస్టాపు నుంచి పరుగే.

"అప్పుడే పోయిందా నల్లా?"

నేనే చెప్పా. ఆమె పెద్దాయన తల వైపు చూసింది.

"గీ నెత్తి కోసమా పిల్లా, నేను సేఠ్ ఎదురుంగ లేచి వచ్చిన?"

అని తనూ నవ్వింది. నవ్వుతూనే చెప్పింది, సేఠ్ గేటు దాకా వెంట వచ్చి, పోతే పోయినట్టే అన్నాడని. గల్లీ నవ్వు అక్కడ తెగిపోయింది. వెంకటనారాయణ గారు ఏదో అనబోయారు, నా మూలంగా అమ్మా, అని. ఆమె వినిపించుకోలేదు. తన ఇంట్లో తాగడానికి దాచుకున్న అర బిందె తెచ్చింది.

"ముందు నెత్తి వంచుండ్రి. చెవి మండుతలేదా?"

ఆ అర బిందె ఆయన తల మీద పోసింది. సగం పోయింది, సగం ఉంది. ఇప్పటికీ అట్లే ఉంది, మీరు చూస్తారు.

సాయంత్రం అయిదింటికి నిజంగానే నల్లా వచ్చింది. మొదట చూసింది నీలమ్మత్తే, నొక్కింది. గల్లీలో కిటికీల్లోంచి జవాబులు: ఎవరి నెత్తి అత్తా? ఈసారి మీసమా అత్తా? నమ్మనివాళ్లు బయటికి రాలేదు, పదకొండు ఇళ్లు ఆ రోజు నింపుకోలేదు. రెండేళ్లుగా ప్రేమ్‌రాజ్ ఇంటింటికీ తిరిగి సంపాదించిన నమ్మకం ఒక్క తలంటుతో సగం అయింది.

చీకటి పడకముందే నేను మన పనిముట్టు ముందు కూర్చున్నా. నల్లా ఎప్పుడొస్తది అని మా కాలనీ మనిషిలా అడిగా. వచ్చిన పది పేర్లలో ఆరు జుట్టు రంగులు, రెండు కాటుకలు, ఒకటి నల్ల పిల్లుల బొమ్మలు. ప్రేమ్‌రాజ్ యాప్ ఉంది, కానీ రంగుల మధ్య రంగులా ఉంది, ఏజెంట్ దాన్ని నీళ్లదని గుర్తే పట్టలేదు. ఇక ప్రేమ్‌రాజ్ యాప్ కింద జనం రాసిన అభిప్రాయాలు చూశా. ఎక్కడో గుంటూరు నుంచి ఒకాయన మూడు చుక్కలు ఇచ్చి రాశాడు: యాప్ బాగుంది, కానీ నాకు గోధుమ రంగు వచ్చింది. ఒంగోలు నుంచి ఒకామె: నాలుగుసార్లు వచ్చింది నొక్కాను, ఇంకా రాలేదు. నేను కుర్చీలోంచి పడేంత నవ్వా. నవ్వుతూ ఏజెంట్‌ను అడిగా, నీళ్లు అడిగితే రంగు ఎందుకు ఇచ్చావు అని. చాలా వినయంగా చెప్పింది. పత్రంలో పదిహేడో వాక్యం ప్రకారం, అని నా వాక్యం నాకే అప్పజెప్పింది. నవ్వు ఆగిపోయింది.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి నీలమ్మత్త పనికి పోయింది. సేఠ్ లోపలికి రానివ్వలేదు. మధ్యలో లేచిపోయినందుకు కూడా కాదు. మా కాలనీ హమాలీ ఒకతను ఆ దుకాణంలోనే ఉన్నాడు, అతన్ని అడిగితే నిన్న మధ్యాహ్నం నల్లా రాలేదని చెప్పాడట. నీళ్లు రాకుండానే నీళ్లొచ్చాయని నాతో అబద్ధమాడావు అన్నాడు సేఠ్. ఆమె ఫోన్ తీసి చూపబోయింది. జుట్టు, రంగు, ఏజెంట్ అని ఆమె చెప్తుంటే దుకాణం అంతా నవ్వింది. చివరికి సేఠ్ ఒక మాట అన్నాడు, ఈ కథ నిజమైతే దాన్ని చేసిన పెద్దమనిషిని తెచ్చి చెప్పించు అని. ఆమె మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది.

"పని ఇంకో దగ్గర దొరుకుతది. పద్నాలుగేండ్లల్ల నన్ను అబద్ధమాడినవని ఎవ్వలనలే."

అప్పుడే మీకు ఫోన్ చేశా. వచ్చే నెల వెర్షన్‌లో చూద్దాం అన్నారు.

వెర్షన్ కాదు సార్. ఆ పెద్దమనిషి మీరే. ఈ సాయంత్రం ఆఫీసు తాళం వేసేలోపు పదిహేడో వాక్యం తీసేయండి. పన్నెండు మాటలూ తిరిగి పెట్టండి, నల్లాను అన్నిటికన్నా పైన పెట్టండి. పదమూడోది, పద్నాలుగోది మా గల్లీ ఆడవాళ్లు చెప్తున్నారు, నేను రాసుకుంటున్నా, వాటికీ చోటు ఉంచండి. నేను ఒక్కదాన్నే మార్చి పంపితే మీ సంతకం లేక ఆగిపోతుంది, అందుకే మిమ్మల్ని అడగాల్సి వస్తోంది.

రేపు పది గంటలకు అఫ్జల్‌గంజ్ బస్టాండు దగ్గర ఉండండి. ప్రేమ్‌రాజ్ వస్తాడు. వెంకటనారాయణ గారు టోపీ లేకుండా వస్తానన్నారు. మీరు పాత పేజీ ఒక చేతిలో, కొత్త పేజీ ఒక చేతిలో పట్టుకొని, నందకిశోర్ సేఠ్ ముందు, ఆ దుకాణం అంతా వినేలా చెప్పాలి: ఈమె అబద్ధమాడలేదు, తప్పు రాసింది మేము. మీరు కొట్టేసింది మీరు చెప్పండి, నేను రాసింది నేను చెప్తా. నీలమ్మత్త మళ్లీ జల్లెడ పట్టుకొనే దాకా ఇద్దరం అక్కడి నుంచి కదలొద్దు.